తలకోనలో నీళ్లు లేవన్న సమీక్ష ఎవరికి పనికొస్తుంది?

తలకోన జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకంటే ఎత్తయిన జలపాతం లేదు. అక్టోబరు, నవంబరు వానల తర్వాత అక్కడికి వెళ్లినవారు తడిసి ముద్దయి, సంతోషం పట్టలేక ఆన్‌లైన్ సమీక్షలో ఐదు నక్షత్రాలు ఇస్తారు. మే నెల సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లినవారు బండ మీద సన్నగా జారే ధారను చూసి, ఇందుకోసమా ఇంత దూరం వచ్చామని ఒక్క నక్షత్రంతో సరిపెడతారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఏ నెలలో వెళ్లారో మాత్రం ఇద్దరూ చెప్పలేదు. రెండింటినీ కలిపి సగటు తీస్తే మూడు వస్తుంది. ఏ నెలలో వెళ్లినా తలకోన మూడు నక్షత్రాల చోటు కాదు. వానల తర్వాత అది అద్భుతం. ఎండల్లో అడవి నీడ కోసం, సిద్ధేశ్వరస్వామి దర్శనం కోసం వెళ్లవలసిన చోటు. సగటు అంకె ఈ రెండు నిజాలనూ తుడిచేసి, ఎవరూ చూడని మూడో చోటును సృష్టిస్తుంది.

గుడారాలు వేసుకునే మైదానాలు, క్యారవాన్లు (పడక, వంటగది ఉన్న బండ్లు) నిలుపుకునే స్థలాల విషయంలో ఈ చిక్కు మరింత ముదురుతుంది. హోటలు గది ఆగస్టులోనైనా ఫిబ్రవరిలోనైనా ఇంచుమించు అదే గది. గుడారం కింది నేల నెలనెలకూ మారుతుంది. ఒకే మైదానంలో గేటు దగ్గరి మూల పొడిగా ఉంటే వాగు వైపు మూల బురదగా ఉండవచ్చు. శనివారం రాత్రి నిద్రపట్టని చోట మంగళవారం రాత్రి కీచురాళ్ల చప్పుడు తప్ప మరేదీ వినిపించకపోవచ్చు. అందుకే ఇలాంటి చోట్ల గురించి రాసేవారి అసలు పని సాక్ష్యం చెప్పడం. ఏ రాత్రి, ఏ బండిలో, ఎవరెవరితో వచ్చి, మైదానంలో ఏ వైపున ఉండి, ఏం చూశారో చెప్పాలి. తీర్పు సంగతి చదివేవారు చూసుకుంటారు. వారి ప్రయాణం వేరు, వారి బండి వేరు, వెంట వచ్చే ముసలివాళ్లూ పసిపిల్లలూ వేరు.

తిరుపతి, చిత్తూరు వైపు క్యారవాన్ అనే మాట కొత్తగా వినిపిస్తున్నా, బండిలోనే వండుకొని బండిలోనే పడుకునే ప్రయాణం కొత్తది కాదు. శ్రీవారి దర్శనానికి టెంపో ట్రావెలర్లలో, మినీ బస్సుల్లో వచ్చే కుటుంబాలు గ్యాసుపొయ్యి, బియ్యం సంచి, పెద్ద పట్టా వెంట తెచ్చుకుంటాయి. దారిలో చింతచెట్టు నీడ చూసి ఆపి, వండుకొని తిని, కాసేపు నడుం వాల్చి కదులుతాయి. ఎక్కడ ఆగాలో వీరికి చెప్పేది డ్రైవర్లు. ఫలానా బంకు వెనక కుళాయి ఉంది, రాత్రి గేటు వేసేస్తారు, ఆడవాళ్లకు వేరే స్నానాల గది ఉంది, లారీలు ఎక్కువ కాబట్టి లోపలి వైపు నిలపాలి. ఒక డ్రైవరు నుంచి మరో డ్రైవరుకు నోటిమాటగా అందే ఈ సమాచారంలో పొగడ్త లేదు, తిట్టు లేదు, పనికిరాని ముక్క ఒక్కటి కూడా లేదు. రాతపూర్వక సమీక్షలు చాలావరకు ఇంకా ఈ స్థాయిని అందుకోలేదు.

ఇప్పుడు ఆ అవసరం పెరుగుతోంది. కేరళ 2021లో క్యారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో తన విధానం ప్రకటించింది. హార్స్‌లీ కొండలకు బెంగళూరు నుంచి, తడ దగ్గరి ఉబ్బలమడుగు వైపు చెన్నై నుంచి వారాంతాల్లో వచ్చేవారు ఏనాటి నుంచో ఉన్నారు. మామిడి తోటల్లో, చెరువుగట్ల పక్కన గుడారాలు వేసి అద్దెకిచ్చే చోట్లు అక్కడక్కడా వెలుస్తున్నాయి. ఇలాంటి చోట్లకు హోటళ్లకున్నట్టు స్థిరమైన కొలమానం లేదు. పేరు వినని ఊళ్లో, చీకటి పడ్డాక, కుటుంబంతో దిగేవారికి ముందుగా వెళ్లొచ్చినవారి మాటే దిక్కు.

బ్రిటన్‌లో ఈ సంస్కృతి నూరేళ్లు దాటింది. అక్కడ క్యాంపింగ్ చేసేవారి సంఘం 1901లో, క్యారవాన్ల సంఘం 1907లో పుట్టాయి. సభ్యుల కోసం స్థలాల వివరాలను జాబితాలుగా ప్రచురించడం వాటి ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఆ జాబితాల్లో కనిపించేవి పొడి వివరాలే: నేల గట్టిదా పచ్చికా, కరెంటు ఎన్ని ఆంపియర్లు, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే చోటు ఉందా, బండికీ బండికీ మధ్య ఎంత దూరం. ఆ దూరం 6 మీటర్లు ఉండాలని అక్కడి నమూనా నిబంధనలు చెబుతాయి. ఒక బండికి నిప్పంటుకుంటే పక్కదానికి పాకకూడదన్నది అందులోని ఆలోచన. చిత్తూరు జిల్లాలో ఒక తోటలో పది గుడారాలు తాళ్లు ఒకదానికొకటి తగిలేలా వేసి ఉంటే, మధ్యలో వంటపొయ్యి వెలుగుతుంటే, ఆ ఒక్క సంగతి రాసినా ఆ సమీక్ష విలువైనదే.

రాయవలసిన వాటిలో మొదటిది దారి. చాలామంది చోటు గురించి మాత్రమే రాసి, అక్కడికి చేరిన దారిని వదిలేస్తారు. కారులో వెళ్లేవారికి అది పెద్ద విషయం కాకపోవచ్చు. మూడు మీటర్లకు దగ్గరగా ఎత్తుండే బండికి మాత్రం ఊళ్లోకి తిరిగే మలుపు దగ్గర కిందికి వేలాడే కరెంటు తీగ, రోడ్డు మీదికి వంగిన చింతకొమ్మ, ఇరుకు కల్వర్టు, రైల్వే అండర్ బ్రిడ్జి ప్రయాణాన్నే ఆపేయగలవు. 2021 అక్టోబరులో తిరుపతిలో వాననీరు నిండిన రైల్వే అండర్ బ్రిడ్జిలోకి, రాత్రివేళ, పొరుగు రాష్ట్రం నుంచి దర్శనానికి వచ్చిన కుటుంబం వాహనం దిగి చిక్కుకుపోయింది. ఒక యువతి ప్రాణాలు పోయాయి. ఆ ఊరివారికి తెలిసిన ప్రమాదం, బయటి నుంచి వచ్చినవారికి తెలియలేదు. వానాకాలంలో ఏ దారి మునుగుతుందో, దానికి బదులు ఏ దారి పట్టాలో ఒక్క వాక్యం రాసిపెట్టడం కంటే గొప్ప సేవ సమీక్ష రాసేవారు చేయగలిగింది లేదు.

మ్యాపు చూపే దారి, నిజంగా బండి పట్టే దారి ఒకటే అయ్యాయా లేదా అన్నది కూడా చెప్పాలి. చివరి రెండు మూడు కిలోమీటర్లు మట్టిరోడ్డు అయితే అది ఎర్రమట్టా, ఇసుకా, రాళ్లు తేలినదా? ఎర్రమట్టి ఎండినప్పుడు సిమెంటులా ఉంటుంది. ఒక మంచి వాన పడితే బరువైన బండి చక్రాలు అందులో దిగబడతాయి. స్వర్ణముఖి ఒడ్డు ఇసుకలో వానతో పని లేకుండానే దిగబడతాయి. బండి వెనక్కి తిప్పుకునే జాగా ఉందా, లేక లోపలికి వెళ్లాక రివర్సులోనే బయటికి రావాలా అన్నది క్యారవాన్ నడిపేవారు మొదట అడిగే ప్రశ్న. సమీక్షల్లో దీనికి జవాబు దాదాపు ఎప్పుడూ ఉండదు.

తర్వాత నేల. హార్స్‌లీ కొండలు 1,200 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నాయి. ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచే ఆ చోట కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. మదనపల్లె మాడిపోతున్నప్పుడు కూడా పైన చల్లగా ఉంటుందన్న ఆశతోనే జనం వెళతారు. కానీ గాలిబండ అనే పేరున్న చోటు అక్కడ ఊరికే లేదు. గాలికి ఎదురుగా ఉన్న బండల మీద గుడారం నిలబెట్టడం కష్టం. రాతిలో మేకు దిగదు, తాళ్లను బరువైన రాళ్లకు కట్టాలి. ఇలాంటి కొండ ప్రాంతం గురించి రాసేటప్పుడు చల్లగా ఉంది అంటే చాలదు. మేకులు దిగాయా, గాలి ఏ వైపు నుంచి కొట్టింది, తెల్లవారుజామున కప్పుకోవడానికి ఏం కావలసివచ్చింది, గుడారం లోపల మంచు తడి చేరిందా అన్నవి చెప్పాలి. చదివేవారు సంచిలో ఏం సర్దుకోవాలో నిర్ణయించేవి అవే.

వాననీళ్లు ఏ వంపున పోతాయన్నది నేల గురించిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యం. 2021 నవంబరులో తిరుపతిలో ఒకటి రెండు రోజుల్లోనే కురిసిన కుండపోతకు కాలనీలు మునిగాయి, వాగులు పొంగాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించవలసి వచ్చింది. అలాంటి నెలలో వాగు పక్కన, చెరువు కింద, కోన అడుగున గుడారం వేయడం ప్రాణాలతో చెలగాటమే. కొండ మీద కురిసిన వాన ఆకాశం నిర్మలంగా ఉన్న చోటికి కూడా ఒక్కసారిగా నీళ్లు తెస్తుంది. ఉబ్బలమడుగు, నాగలాపురం కోనల్లో నీటి గుండాల అందం గురించి రాసేవారు వాటి లోతు గురించి, పాచి పట్టిన బండల గురించి, నీళ్లు పెరిగితే పైకి ఎక్కే దారి గురించి కూడా రాయాలి. అందం ఫొటోలో ఎలాగూ కనిపిస్తుంది.

మరుగుదొడ్ల గురించి సమీక్షల్లో ఉండేది రెండు మాటలే: శుభ్రంగా ఉన్నాయి, శుభ్రంగా లేవు. ఇక్కడ ఆగి కాస్త వివరంగా చెప్పవలసింది చాలా ఉంది. గుడారం నుంచి మరుగుదొడ్డికి ఎన్ని అడుగులు నడవాలి? ఆ దారిలో రాత్రంతా దీపం వెలుగుతుందా, లేక పదింటికి ఆపేస్తారా? తలుపుకు లోపలి గడియ పనిచేస్తుందా? వెంటిలేటరుకు అద్దం ఉందా? తెల్లవారి ఆరింటికి, అందరూ లేచిన వేళ, ట్యాంకులో నీళ్లు ఉన్నాయా? మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి కూర్చునే కమోడు ఒక్కటైనా ఉందా? వాడిన ప్యాడ్లు వేసేందుకు మూతపెట్టిన డబ్బా ఉందా? వీటిలో చాలావాటిని మగవారు గమనించనే గమనించరు. గమనించకపోవడం వారి తప్పు కాకపోయినా, వారి సమీక్షల్లో ఆ లోటు అలాగే ఉండిపోతుంది. నలుగురు స్నేహితులు బైకుల మీద వెళ్లి రాసిన పది సమీక్షల కంటే, తల్లీ కూతుళ్లూ వెళ్లివచ్చి రాసిన ఒక్క సమీక్ష ఈ విషయంలో ఎక్కువ చెబుతుంది. కాబట్టి రాసేవారు తమతో వచ్చిన ఆడవారిని, పెద్దవారిని అడిగి, వారు చెప్పింది చేర్చి రాయడం మంచిది. పక్క గుడారంలోని వారు ఎవరు, రాత్రి కాపలా మనిషి ఉన్నాడా, గేటు మూస్తారా అన్న సంగతులు కూడా ఈ వరుసలోనివే. నిద్రపట్టడానికి మెత్తటి పరుపు కంటే ముందు ఇవి కావాలి.

క్యారవాన్లకు ఇంకో అవసరం ఉంది. బండిలోనే మరుగుదొడ్డి ఉంటే దాని ట్యాంకును ఎక్కడో ఒకచోట ఖాళీ చేయాలి. సెప్టిక్ ట్యాంకులోకి వదిలే ఏర్పాటు ఆ స్థలంలో ఉందా, లేక పక్క పొలం కాలువలోకి వదిలేయమని చెప్పారా? రెండోదైతే అది ఊరి నీటికి చేసే ద్రోహం, ఆ మాట సూటిగానే రాయాలి. గిన్నెలు కడిగిన నీళ్లకు గుంత ఉందా, 16 ఆంపియర్ల సాకెట్టు ఉందా, ఏసీ వేస్తే ఫ్యూజు ఎగిరిపోయిందా, కరెంటు పోతే జనరేటరు ఉందా, అది ఎవరి నెత్తిన మోగింది అన్నవి కూడా ఇలాంటివే. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తాగే నీటి క్యాను ఎక్కడ దొరుకుతుందో చెబితే చాలు.

చప్పుడు విషయంలో ఈ ప్రాంతానికి కొన్ని ప్రత్యేకతలున్నాయి. గుడారాలకు అనువైన చలికాలంలోనే ధనుర్మాసం వస్తుంది. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా చాలా ఊళ్ల గుడి మైకుల్లో తెల్లవారకముందే తిరుప్పావై మొదలవుతుంది. కొందరికి అది పుణ్యం, కొందరికి నిద్రాభంగం. సమీక్షలో దాన్ని ఫిర్యాదుగా కాకుండా సమాచారంగా రాస్తే ఇద్దరికీ మేలు: గుడి ఎంత దూరంలో ఉంది, ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపు వినిపించింది. శివరాత్రికి తలకోన జనసంద్రం అవుతుంది. ఆ రోజు అక్కడ ప్రశాంతత లేదని తక్కువ మార్కులు వేయడం అన్యాయం. ఆ రోజు వెళ్లానని చెప్పకుండా వేయడం ఇంకా అన్యాయం.

తోటల్లో గుడారాలు వేసే చోట్ల గురించి రాసేటప్పుడు తోట పని కాలం కూడా చూడాలి. చిత్తూరు మామిడి, అందులోనూ తోతాపురి, లోకమంతా ఎరిగిన పంట. పూత దశలో తేనెమంచు పురుగు పట్టకుండా రైతులు మందు కొడతారు. పూతల వాసన మధ్య విడిది అని మురిసి పిల్లలతో వచ్చినవారికి, ముందురోజే అక్కడ పురుగుమందు చల్లారని తెలియకపోతే ఎలా? చల్లిన రోజులు అడిగి తెలుసుకొని రాయడానికి ఒక్క నిమిషం పడుతుంది. దీనికి రైతును తప్పుపట్టవలసిన పనిలేదు. పంట ఆయన బతుకు, గుడారాలు దానికి చిన్న తోడు మాత్రమే.

అడవి అంచున ఉన్న చోట్ల గురించి అలవోకగా రాయడం ప్రమాదకరం. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అందులోని శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో చిరుతలు, ఎలుగుబంట్లు, దేవాంగపిల్లులు ఉన్నాయి. ఎర్రచందనం దొంగరవాణా వల్ల ఆ అడవిలో నిఘా నిరంతరం సాగుతుంది. అనుమతి లేకుండా రాత్రి అడవిలో ఉండడం నేరం, అక్కడ నిప్పు రాజేయడం నేరం. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులకు ఆవాసం. కందకాలూ సౌర విద్యుత్ కంచెలూ దాటి అవి పొలాల్లోకి, తోటల్లోకి రావడం అక్కడి రైతులకు తెలిసిన కథే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి అడవి దారిన తలకోనకు నడిచివెళుతున్న భక్తుల మీద ఏనుగులు విరుచుకుపడి ప్రాణాలు తీశాయి. ఇంత జరిగిన నేల మీద, రహస్యమైన చోటు కనిపెట్టాం, ఎవరూ అడ్డుకోలేదు, రాత్రంతా మంట వేసుకున్నాం అంటూ దారి వివరాలతో సహా రాసే సమీక్షకు ఎన్ని మెచ్చుకోళ్లు వచ్చినా అది హానికరమైన సమీక్షే. దాన్ని చదివి మరో పది మంది వెళతారు.

తిరుమల గురించి ఒక మాట. కొండ మీద మద్యం, మాంసాహారం, పొగాకు నిషేధం. అలిపిరి తనిఖీ కేంద్రంలో సామాను మొత్తం చూస్తారు. బండిలోనే వంటగది, ఫ్రిజ్ ఉన్న కుటుంబం గుడ్లూ మాంసమూ ఉంచుకొని అక్కడిదాకా వెళితే ఇబ్బంది పడుతుంది. తిరుపతి చుట్టుపక్కల బస చేసే చోటు గురించి రాసేవారు, దర్శనానికి వెళ్లినప్పుడు బండిని అక్కడే భద్రంగా వదిలి వెళ్లనిచ్చారా, దానికి వేరే రుసుము తీసుకున్నారా అన్నది చెబితే ఎక్కువమంది యాత్రికులకు అదే మొదటి ఉపయోగం.

ఇక చదివేవారి వైపు. సమీక్షల్లో అంకెలు మోసం చేసే తీరు పరిశోధకులకు కొత్త కాదు. బాగా నచ్చినవారూ బాగా కోపం వచ్చినవారూ ఎక్కువగా రాస్తారు. ఫరవాలేదనుకున్నవారు రాయకుండా ఊరుకుంటారు. అందుకే ఐదు దగ్గర పెద్ద గుంపు, ఒకటి దగ్గర చిన్న గుంపు, మధ్యలో ఖాళీ కనిపిస్తాయి. పైగా కొత్త చోట్లకు సమీక్షలు కొద్దిగానే ఉంటాయి. మూడే మూడు సమీక్షలతో 5.0 ఉన్న తోట ఒకటి, 120 సమీక్షలతో 4.4 ఉన్న మైదానం ఒకటి ఉన్నాయనుకుందాం. ఆ ప్రాంతంలో సాధారణ సగటు 4.0 అని తీసుకొని, అలాంటి పది సమీక్షలు ప్రతి చోటుకూ ముందే ఉన్నట్టు కలిపి లెక్కిస్తే, మొదటిది 4.23కు దిగుతుంది, రెండోది 4.37 దగ్గర నిలుస్తుంది. వరుస తారుమారైంది. ఈ లెక్క చేసుకునే ఓపిక లేకపోయినా, సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు నక్షత్రాలను పక్కనపెట్టి మాటలను చదవడం మేలు.

ఏ సమీక్షను చదివేవారు ఉపయోగకరమని గుర్తిస్తారన్న దానిపై 2010లో ముదంబి, షఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అమ్మకాల వేదికలో ఆరు వస్తువుల మీద వచ్చిన 1,587 సమీక్షలను పరిశీలించారు. వివరం ఎక్కువ ఉన్నవి ఎక్కువ ఉపయోగపడినట్టు తేలింది. ముందుగా లక్షణాలు చూసి కొనగలిగే వస్తువుల విషయంలో ఈ ప్రభావం ఇంకా బలంగా ఉంది. వాడి చూస్తే తప్ప తెలియని వాటి విషయంలో మాత్రం, అటు పూర్తి పొగడ్త, ఇటు పూర్తి తెగడ్త అయిన సమీక్షల కంటే మధ్యస్థంగా ఉన్నవే ఎక్కువ మెప్పు పొందాయి. గుడారంలో గడిపే రాత్రి అచ్చంగా వాడి చూస్తే తప్ప తెలియనిదే. మూడు, నాలుగు నక్షత్రాల సమీక్షలు ముందుగా చదివే అలవాటు ఉన్నవారు తెలిసో తెలియకో సరైన చోటే మొదలుపెడుతున్నారు.

అయితే పొడవే గుణం అనుకుంటే పొరపాటు. ఎక్కువ అక్షరాలు రాస్తే ఎక్కువ పాయింట్లు ఇచ్చే పథకాలు కొన్ని వేదికల్లో ఉన్నాయి. వాటి ప్రభావంతో ప్రకృతి ఒడిలో, పక్షుల కిలకిలారావాల మధ్య వంటి వాక్యాలు పేరాలకు పేరాలు పెరుగుతాయి. ఆ వాక్యాలను తీసి మరో చోటు పేరు పెట్టినా సరిపోతాయి. ఉపయోగాన్ని తేల్చడానికి ఈ ఒక్క పరీక్ష చాలా దూరం పనికొస్తుంది: చోటు పేరు మార్చినా అతుక్కునే వాక్యానికి విలువ లేదు. జనవరి రెండో శనివారం, ఇద్దరు పిల్లలతో, గేటుకు ఎడమ పక్కన గుడారం వేశాం, రాత్రి పదకొండు దాకా పక్క గుంపు స్పీకరు మోగింది, చెబితే సిబ్బంది వచ్చి ఆపించారు, తెల్లవారి వేడినీళ్లు బకెట్టుకొకసారి తెచ్చిచ్చారు. ఇందులో ఏ ముక్కా మరో చోటికి అతకదు. ఇందులో ఒక లోటు ఉంది, దాన్ని చక్కదిద్దిన తీరు ఉంది. చదివినవారికి శనివారం మానుకోవాలో వద్దో తేలిపోతుంది.

మంచి సమీక్షలను ఎంచే బాధ్యత ఉన్నవారు, అంటే పర్యాటక సంస్థలైనా ప్రయాణికుల సంఘాలైనా, భాషా సౌందర్యానికి తక్కువ మార్కులు, ధ్రువీకరించదగిన వివరాలకు ఎక్కువ మార్కులు వేయాలి. తిట్టు ఉన్నదని తీసిపారేయకూడదు, పొగడ్త ఉన్నదని ముందు పెట్టకూడదు. ఫొటోల విషయంలోనూ అంతే. జలపాతం ఫొటో వెయ్యిమంది పెట్టారు. స్నానాల గది తలుపు, గేటు ముందు రోడ్డు, వాన తర్వాత మైదానం ఫొటో పెట్టినవారు అరుదు. ఆ ఒక్క ఫొటోకు తేదీ ఉంటే అది పేరాగ్రాఫు పెట్టు. ఏడాది దాటిన సమీక్షలను చదివేటప్పుడు వేటిని నమ్మాలో కూడా వేరుచేసుకోవాలి. కొండ, వాగు, దూరం, వంపు మారవు. సిబ్బంది, ధర, శుభ్రత, యజమాని మారతారు.

దొంగ సమీక్షల జాడ పట్టడం కష్టమే అయినా కొన్ని గుర్తులున్నాయి. ఒకే వారంలో ఒకేలాంటి మాటలతో అయిదారు రావడం, ఎవరూ రాత్రి గురించి ఒక్క ముక్క రాయకపోవడం, యజమాని పేరును పదేపదే ప్రస్తావించడం, రాసినవారు ఒకే రోజు నాలుగు జిల్లాల్లో తిరిగినట్టు కనిపించడం. ఐదు నక్షత్రాలు ఇస్తే కాఫీ ఉచితం, బిల్లులో తగ్గింపు అని బోర్డు పెట్టే చోట రాసినవారు నిజంగా అక్కడ ఉన్నవారే అయినా, వారి సాక్ష్యం కొనుగోలు చేసిందే. తగ్గింపు తీసుకున్నట్టు సమీక్షలో చెబితే కొంత నయం. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ సమీక్షల సేకరణ, పరిశీలన, ప్రచురణల మీద ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. సమీక్షకుడు ఎవరో సరిచూడాలని, డబ్బిచ్చి రాయించినవాటిని ప్రచురించకూడదని అది కోరుతుంది. అయితే అది స్వచ్ఛందం. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి, బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి బూటకపు సమీక్షలను నేరుగా నిషేధించే నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇక్కడ కూడా ఆ ప్రమాణాన్ని తప్పనిసరి చేయడమే సబబు. ఒక షర్టు కొని మోసపోతే డబ్బు పోతుంది. అడవి పక్కన కాపలా లేని మైదానాన్ని నమ్మి కుటుంబంతో దిగితే పోయేది డబ్బు ఒక్కటే కాకపోవచ్చు.

నిజమైన ఫిర్యాదు రాసేటప్పుడు న్యాయం పాటించడం ఎలా? సమస్య ఎదురైన వేళే యజమానికి చెప్పారా, ఆయన ఏం చేశారు అన్నది తప్పక ఉండాలి. నీళ్లు రాలేదన్న మాటకూ, నీళ్లు రాలేదని చెప్పినా గంటన్నర ఎవరూ రాలేదన్న మాటకూ చాలా తేడా ఉంది. స్వయంగా చూసినదీ ఇతరులు చెప్పగా విన్నదీ వేరువేరుగా రాయాలి. తక్కువ జీతానికి రాత్రంతా మేల్కొని ఉండే కాపలా మనిషిని, వంటమనిషిని పేరుపెట్టి దూషించడం తగదు. అక్కడ ఇద్దరు చేయవలసిన పని ఒక్కరితో చేయిస్తుంటే ఆ లోపం నడిపేవారిది, అలాగే రాయాలి. యజమాని తర్వాత లోపం సరిదిద్దినట్టు తెలిస్తే పాత సమీక్షను చెరిపేయకుండా కింద తేదీ వేసి ఆ సంగతి చేర్చడం ఉత్తమం. అప్పుడు చదివేవారికి చోటు గతం, ఇప్పటి స్థితి రెండూ కనిపిస్తాయి.

ప్రాణాపాయం ఉన్న విషయాలకు సమీక్ష ఒక్కటే చాలదు. తెగిన కరెంటు తీగ, కూలేలా ఉన్న గోడ, గుడారాల దగ్గర కనిపించిన ఏనుగుల గుంపు, పొగ లేచిన అడవి వంటివి మొదట విద్యుత్ శాఖకు, పంచాయతీకి, అటవీ చెక్‌పోస్టుకు చెప్పి, ఆ తర్వాతే రాయాలి. రాసేటప్పుడు ఫోను సిగ్నలు ఎక్కడ దాకా అందిందో కూడా చెప్పాలి. తలకోన లాంటి కోనల్లో 108కు ఫోను చేయాలంటే ముందు సిగ్నలు దొరికే మలుపు దాకా రావాలి. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. కాబట్టి గుడారం అడుగు చిరిగి ఉన్నా, జిప్పు పూర్తిగా పడకపోయినా అది సౌకర్యం విషయం అని తేలిగ్గా తీసుకోకుండా సమీక్షలో మొదటి వాక్యంగా రాయాలి. దాని పక్కనే, దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉంటుందో యజమానిని అడిగితే ఏం జవాబు వచ్చిందో, లేక జవాబే రాలేదో కూడా రాయాలి.